బాలింత అనే కంప్యూటరు

తొంభయ్యో దశకం మొదట్లో, ఒక కార్తీక మాసం చివర, నన్ను ఒంగోలు నుంచి మార్కాపురానికి వేశారు. నా హోదా సర్వీస్ ఇంజనీర్, గ్రేడ్ టూ. మా కంపెనీ కంప్యూటర్లు అమ్మేది. అమ్మినవాటికి ఏడాది పొడుగునా మరమ్మతులు చూసేందుకు ఒప్పందాలు రాసుకునేది. ఆ ఒప్పందాన్ని మా భాషలో ఏ.ఎమ్.సి. అనేవాళ్ళం. ఒంగోల్లో ఏరియా ఇన్‌చార్జి, ఆయన పైన విజయవాడలో రీజినల్ మేనేజరు, ఇద్దరికీ కింద బస్సుల్లో తిరిగే నేను. మార్కాపురం, గిద్దలూరు, కంభం, పామూరు, అంటే ప్రకాశం జిల్లా పడమటి వైపు అంతా నా పరిధే. “ఆడపిల్లవి, అంత దూరాలు తిరగగలవా?” అని ఇన్‌చార్జి అడిగారు. తిరుగుతానన్నాను. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇవాళ ఆ రోజులు తలుచుకుంటే వరుసగా గుర్తుకు రావు. పొద్దుటి బస్సు కిటికీలోంచి కనిపించే నల్లమల ముందు గుర్తొస్తుంది. దూరాన ఉన్నప్పుడు అది నీలం గీత. దగ్గరికి పోతున్నకొద్దీ బూడిద రంగుకు తిరిగి, చివరికి చెట్లు చెట్లుగా విడిపోయేది. ఒళ్ళో పనిముట్ల సంచి. అందులో స్క్రూడ్రైవర్లు, మల్టీమీటరు, మెత్తటి గుడ్డ, స్పిరిట్ సీసా, నాలుగైదు ఫ్లాపీలు. బస్సు ఊగుతుంటే సగం నిద్ర, సగం మెలకువ. తిరిగొచ్చేటప్పుడు మార్కాపురం దగ్గర పడిందని కళ్ళు తెరవకుండానే తెలిసేది. గాలిలో పలకపొడి వాసన తగిలేది. చిన్నప్పుడు తడిగుడ్డతో పలక తుడిచాక చేతికి అంటుకునే వాసన అది. ఆ పొడి మా యంత్రాలకు శత్రువు. ఫ్యాన్ రెక్కల మీద, ఫ్లాపీ డ్రైవు నోట్లో, కీబోర్డు మీటల సందుల్లో చేరి గట్టిపడేది. నా పనిలో సగం ఆ పొడి దులపడమే. అయినా ఆ ఊరి పొద్దుటి వెలుతురులో అది మెల్లగా తేలుతుంటే పని మరిచి చూస్తూ నిలబడిన సందర్భాలున్నాయి.

ఫిర్యాదు వచ్చినప్పుడు మొదట యంత్రం మోడల్, తరువాత సీరియల్ నంబరు, ఆ తరువాత లక్షణం రాసుకోవాలని మాకు నియమం. సీరియల్ నంబరు పెట్టె వెనక చిన్న రేకుముక్క మీద ఉంటుంది. గోడకు ఆనించిన బల్లను జరిపి దాన్ని చదివి చెప్పే ఓపిక ఎవరికీ ఉండదు. నేను చేరిన కొత్తలోనే పామూరు నుంచి ఎరువుల దుకాణం ఆయన ఫోన్ చేశాడు. “మేడమ్, మా పూనకం మళ్ళీ ఊగతా ఉంది. ఒకసారి వచ్చిపొండి.” ఏం ఊగుతోందో అర్థం కాకుండానే బస్సెక్కాను. తీరా చూస్తే దుకాణం పక్కనే పిండిమిల్లు ఉంది. అక్కడ మోటారు వేయగానే ఇక్కడ కరెంటు పడిపోయి, తెర మీద అక్షరాలు అటూ ఇటూ ఊగుతున్నాయి. ఎవరో వేళాకోళానికి మానిటరు మీద వేపరెమ్మ కూడా పెట్టారు. పాత స్టెబిలైజరు తీసి కొత్తది బిగించాను. ఊగడం ఆగింది. పేరు మాత్రం ఆగలేదు. ఆ దుకాణం వాళ్ళు బిల్లు కొట్టాలంటే “పూనకం దగ్గరికి పో” అనే అనేవాళ్ళు.

గిద్దలూరులో ఒక హోల్‌సేల్ కిరాణా కొట్టులోని యంత్రం పేరు రైలు. ప్రింటరు మొదలైతే రైలు పోతున్నట్టు చప్పుడు చేస్తుంది కాబట్టి ఆ పేరని ఓనరు చెప్పాడు. ఆయన అటు తిరగగానే గుమాస్తా గొంతు తగ్గించి, “అదేం కాదు మేడమ్, ఎప్పుడూ లేటుగా వస్తదని మేమే పెట్టినాం” అన్నాడు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో నేను తేల్చలేదు. అప్పటినుంచి వెళ్ళిన ప్రతిచోటా, పని ముగించి టీ తాగుతూ, యంత్రాన్ని ఏమని పిలుస్తారు, ఎందుకు పిలుస్తారు అని అడగడం నాకు అలవాటైంది. మోడల్ పేర్లన్నీ ఎక్కడో దూరదేశంలో పెట్టినవి. ఈ పేర్లు మాత్రం ఆ గదిలోనే పుట్టినవి. వాటిలో ఒకదాని పుట్టుక నేను దగ్గరుండి చూశాను.

మార్కాపురంలో ఒక పలకల కంపెనీ మా ఖాతాదారు. దాని పేరు రాయను. యజమానిని అందరూ శెట్టిగారనే పిలిచేవాళ్ళు. తెల్ల పంచె, మడత నలగని చొక్కా, తక్కువ మాట. పెద్ద రేకుల షెడ్డు కింద ఆడవాళ్ళు వరుసగా కూర్చుని పలకలకు చెక్కచట్రాలు బిగించేవాళ్ళు. ఇంకో వైపు వాటిని గడ్డిపొరల మధ్య పేర్చి చెక్కపెట్టెల్లో సర్దేవాళ్ళు. ఆ పెట్టెలు ఓడలెక్కి ఎక్కడెక్కడికో పోయేవి. షెడ్డు చివర ఒక చిన్న గదిలో కంప్యూటరు ఉండేది. నల్ల తెర, ఆకుపచ్చ అక్షరాలు. దేన్నైనా చెరిపితే అక్షరం వెంటనే పోయేది కాదు. ఒక క్షణం దాని నీడ తెర మీద నిలిచి, నెమ్మదిగా కరిగేది. లోపల ఇరవై ఎంబీ హార్డ్ డిస్కు. ఇవాళ సెల్‌ఫోనులో నాలుగైదు ఫోటోలకు సరిపోయేంత చోటు. ఆ చోటులోనే వాళ్ళ వ్యాపారానికి కావలసిన ప్రోగ్రాం ఉండేది. ఏ దేశానికి ఏ కొలత పలక పోవాలి, ఏ పెట్టెలో ఎన్ని పట్టాలి, పెట్టె మీద ఏం అచ్చు వేయాలి అన్నది అది చూసుకునేది. రాసిచ్చినాయన ఊరు విడిచి వెళ్ళిపోయాడు.

ఆ గదిలో కూర్చునే అమ్మాయి గురవమ్మ. పుల్లలచెరువు పక్క అడవి అంచు పల్లె. తండ్రికి గొర్రెలున్నాయి. మార్కాపురంలో మేనత్త ఇంట్లో ఉండి ఇంటరు చదివి, టైపు లోయరు పాసై ఈ పనిలో చేరింది. పెళ్ళయింది. భర్త క్వారీలో లారీ తోలేవాడు. యంత్రం నడపడం ఆమెకు నేనే నేర్పాను. యంత్రం ఆపేముందు ‘పార్క్’ అని కొట్టాలని చెప్పాను. అలా కొడితే డిస్కు మీద చదివే ముల్లు పక్కకు పోయి ఖాళీ చోట ఆగుతుంది. ఆమె ఒక్కరోజు కూడా అది మరవలేదు. యంత్రాలకు పెట్టే పేర్ల సంగతి చెబితే గురవమ్మకు అందులో వింతేమీ కనిపించలేదు. “మా నాయన గొర్రెలకు నంబర్లు ఎయ్యడు మేడమ్. బొల్లిది, చుక్కది, కుంటిది అంటాడు. తప్పిపోయినప్పుడు నంబరు పెట్టి పిలిస్తే వస్తదా ఏంది?” అని నవ్వింది. మరి నీ యంత్రం పేరేమిటంటే, ఇంకా పెట్టలేదంది. “మొన్ననే వచ్చింది గదా. గుణం తెలియాల.”

మరుసటి ఏడు వానాకాలం చివర ఆమె తొలికాన్పుకు పుట్టింటికి పోయింది. ఆమెది టెంపరరీ పోస్టు. యంత్రం ఉన్నన్నాళ్ళే ఆ పోస్టు అని చేర్చుకున్నప్పుడే చెప్పారు. ఆమె స్థానంలో ఎవరినీ పెట్టలేదు. యంత్రం మీద దుప్పటి కప్పి, కిటికీ మూసి, గదికి తాళం వేశారు. ఆర్డర్లు లేని కాలం కాబట్టి ఎవరూ దాని జోలికి పోలేదు.

మార్గశిరంలో, చలి ముదిరాక, ఆ కంపెనీ మేనేజరు రమణారావు ఫోన్ చేశారు. “మేడమ్, మా బాలింత లేవట్లేదు. మీరొచ్చి చూసి ఒక కాగితం రాసిచ్చిపోవాలి.” నేను గురవమ్మకేమైనా అయిందేమోనని కంగారుపడి అడిగాను. ఆయన నవ్వి, యంత్రం సంగతండీ అన్నారు.

ఆ పేరు ఎట్లా పుట్టిందో నాకు షెడ్డులోనే తెలిసింది. నేను గది తాళం కోసం ఎదురుచూస్తుంటే, చట్రాలు బిగించే ఒక పెద్దావిడ పిలిచి కూర్చోబెట్టింది. ముందురోజు కొత్త ఆర్డరొచ్చి గది తెరిచారట. స్విచ్చి వేస్తే యంత్రం మూలిగింది కానీ తెర మీద ఏమీ రాలేదట. రమణారావు గుమ్మంలో నిలబడి, అందరూ వినేలా, “దీనికీ పురుడొచ్చినట్టుంది. ఆమె బాలింత, ఇదీ బాలింత. ఇంక రెండూ పనికి రావులే” అన్నాడట. “కొంతమంది నవ్వినారమ్మా. నాకు మాత్రం నవ్వు రాలేదు. నలుగుర్ని కన్నదాన్ని. కన్నాక పనికి రాకుండా పోతామా?” అంది ఆ పెద్దావిడ.

రమణారావు చెడ్డమనిషి కాదు. పని తొందరగా కావాలి, కొత్త వస్తువు కావాలి అనే రకం. రంగుల తెర ఉన్న కొత్త యంత్రం తెప్పించి, ఒంగోల్లో కోర్సు చేసిన కుర్రాడిని దాని ముందు కూర్చోబెట్టాలని ఆయన ఆలోచన. శెట్టిగారు మాత్రం ఇంజనీరు కాగితం ఇస్తేనే అన్నారు. ఆ కాగితాన్ని మేము కండెమ్ రిపోర్టు అనేవాళ్ళం. ఫలానా యంత్రం మరమ్మతుకు లాయకు కాదు అని మూడు లైన్లు రాసి, సంతకం పెట్టి, ముద్ర వేస్తే అది తుక్కు కిందికి పోతుంది. దానితో పాటు గురవమ్మ పోస్టూ పోతుంది. ఆ సంగతి రమణారావూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

గది తెరిపించి పని మొదలుపెట్టాను. కిటికీ మూసి ఉండటంతో లోపల నేలమాళిగలో ఉన్నంత చల్లగా ఉంది. స్విచ్చి వేశాను. ఫ్యాన్ తిరిగింది. డిస్కు దగ్గర చెవి పెడితే లోపల మోటారు సన్నగా ఏడుస్తున్నట్టు వినిపించింది. కానీ పళ్ళెం, అంటే సమాచారమంతా నిలిచే గుండ్రటి రేకు, తిరగడం లేదు. ఇది మాకు తెలిసిన జబ్బే. ఆ కాలపు డిస్కుల్లో చదివే ముల్లు, యంత్రం ఆగినప్పుడు పళ్ళెం మీదే వాలి ఉంటుంది. పార్క్ చేస్తే ఖాళీ చోట వాలుతుంది కానీ, వాలడం మాత్రం తప్పదు. రోజూ తిప్పుతుంటే ఏమీ కాదు. వారాల తరబడి వదిలేస్తే, అందులోనూ చలికి, పళ్ళెం మీది సన్నటి నూనెపొర చిక్కబడి ముల్లును పట్టేస్తుంది. యంత్రాన్ని గురవమ్మతో ముడిపెట్టి రమణారావు వెటకారంగా అన్న మాట, ఆయనకు తెలియకుండానే నిజం. యంత్రం ఆగింది ఆమె లేకపోవడం వల్లే.

మా రీజినల్ ఆఫీసు సూచన స్పష్టంగా ఉంది. బిగుసుకున్న డిస్కును ఖాతాదారు దగ్గర ముట్టవద్దు, తీసి కొత్తది బిగించండి అని. కొత్తది బిగిస్తే యంత్రం బతుకుతుంది, ప్రోగ్రాం పోతుంది. దాని నకలు ఉన్న ఫ్లాపీలు తెప్పించి చూశాను. వానాకాలపు తేమకు బూజు పట్టి, వెలుతురుకు పట్టుకుంటే తెల్లటి చుక్కలు కనిపించాయి. ప్రోగ్రాం లేని యంత్రం శెట్టిగారికి ఎందుకు? అప్పుడు రమణారావు మాటే నెగ్గుతుంది. ఇంకో దారి ఉంది. డిస్కును వెచ్చబరిచి, నూనెపొర పలచబడ్డాక, చేత్తో పట్టుకుని ఒక్క తిప్పు తిప్పాలి. ముల్లు విడిపోతే సరే. విరిగితే అందులో ఉన్నదంతా పోయినట్టే. ఆ నింద నా మీద పడుతుంది.

శెట్టిగారి దగ్గరికి పోయి రెండు సంగతులూ చెప్పాను. 

“ఎట్లాగూ పోయిందనే అంటుండారు గదా వసుంధరమ్మా” అన్నారాయన. “పోయినదాన్ని పట్టుకుంటే కొత్తగా పొయ్యేదేముంది? చూడు.”

మరునాడు పొద్దున్నే డిస్కును విప్పి షెడ్డు బయటికి తెచ్చాను. పెరట్లో పలకరాళ్ళు వరుసలుగా ఎండకు పేర్చి ఉన్నాయి. నల్లరాయి వేడిని నెమ్మదిగా తీసుకుని నెమ్మదిగా వదులుతుంది. నాకు కావలసింది అదే. నూలుగుడ్డలో చుట్టి, ఎండపొడ నేరుగా తగలకుండా, వెచ్చబడుతున్న రాయి మీద డిస్కును పెట్టి పక్కన కూర్చున్నాను. చేయడానికి ఇంకేమీ లేదు. మంచు విడుతోంది. దూరంగా కొండలు ఉన్నాయో లేవో తెలియడం లేదు. షెడ్డులోంచి సుత్తుల టకటక ఒకసారి దగ్గరగా, ఒకసారి నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టుగా వినిపిస్తోంది. పలకపొడి ఎండలో తేలుతూ ఎక్కడా వాలడం లేదు. నా ఉద్యోగ జీవితంలో అంత ప్రశాంతంగా, అంత భయంగా కూర్చున్న పొద్దు ఇంకొకటి లేదు.

అప్పుడు గేటు దగ్గర ముగ్గురు కనిపించారు. ముందు గొంగడి భుజాన వేసుకున్న పెద్దమనిషి. ఆయన వెనక, చెవులకు గుడ్డ కట్టుకుని, చంటిబిడ్డను పొదువుకున్న గురవమ్మ. షెడ్డు ఆడవాళ్ళు ఎవరో బస్సు కండక్టరుతో కబురు పంపారట. తెల్లవారి బస్సుకే బయలుదేరి వచ్చారు.

“బాలింతవి, చలిలో ఎందుకొచ్చావు?” అన్నాను.

“ఎందుకొచ్చినానో మీకు తెలీదా అక్కా?” అంది. అంతవరకూ మేడమ్ అనే అమ్మాయి ఆ రోజే మొదటిసారి అక్కా అంది. “మెషిన్ని తుక్కుకి ఏస్తే నేను ఇంక ఇంట్లోనే కూసోవాల. మా ఆయన లారీ నమ్ముకొని ఎన్నాళ్ళు? రమణారావు సారు ఏమన్నాడో కూడా తెలుసు. అందురూ నవ్వినారంట గదా.”

 ఆమె రాయి మీద ఉన్న మూటను చూసింది.

“ఇదేంది, దీన్ని ఎండలో పెట్టినారు?”

చలికి లోపల నూనె గడ్డకట్టిందని, వెచ్చబడితే కదులుతుందని, చాలా రోజులు కదలకుండా పడి ఉండటమే దాని జబ్బని చెప్పాను.  గురవమ్మ, ఊహించని విధంగా, నవ్వింది. బిడ్డ ఉలిక్కిపడేంత గట్టిగా నవ్వింది.

“అయితే సారు సరిగ్గానే పేరు పెట్టినాడక్కా. బాలింతే ఇది. ఎండ తగలకుండా, ఎవురూ పలకరించకుండా మూల గదిలో పండబెడితే ఎట్ల లేస్తది? మా అమ్మ నన్ను పొద్దున్నే ఎండలో కూసోబెట్టలా?”

వాళ్ళ నాయన తన గొంగడి తీసి డిస్కు కింద పరచబోయాడు. ఉన్ని రాపిడికి పుట్టే విద్యుత్తు చాలు, లోపలి భాగాలు చెడిపోవడానికి. వద్దని చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. గొంగడి మడిచి కూతురి భుజాల మీద కప్పాడు. మేమంతా ఆ మూట చుట్టూ కూర్చున్నాం. పురిటి గది ముందు కూర్చున్నట్టే ఉంది. గురవమ్మ దగ్గర సాంబ్రాణి, వాము వాసన. బిడ్డ నిద్రపోయింది. ఆడపిల్ల.

రాయి అరచేతికి వెచ్చగా తగిలాక లేచాను. డిస్కును గదిలోకి తీసుకుపోయి, తీగలు కలిపి, అది చేతిలో ఉండగానే స్విచ్చి వేయమని గురవమ్మకు చెప్పాను. గుమ్మంలో శెట్టిగారు, ఆయన వెనక రమణారావు, వాళ్ళ వెనక సుత్తులు ఆపి వచ్చిన ఆడవాళ్ళు. స్విచ్చి పడింది. మోటారు సన్నగా మూలిగింది. రెండు చేతులతో డిస్కును పట్టుకుని, తాళంచెవి తిప్పినట్టు, మణికట్టుతో ఒక్క తిప్పు తిప్పాను.

లోపల చిన్నగా టిక్కుమంది. విరిగిందో విడిందో నాకు ఆ క్షణంలో తెలియలేదు. తరువాత ఆ మూలుగు గొంతు విప్పుకుంది. సన్నగా మొదలై, పైకి పైకి పోయి, ఒక స్థాయిలో నిలిచి, నిండుగా మోగింది. నల్ల తెర మీద, మూలన, ఆకుపచ్చ గీత ఒకటి మిణుకుమంది. అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి. ఎవరో చీకట్లో దీపాలు ముట్టిస్తూ దూరంగా నడిచిపోతున్నట్టు అనిపించింది. గురవమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెనకనుంచి ఆ పెద్దావిడే కాబోలు, “లేచింది, బాలింత లేచింది!” అంది. ఆ మాటకు ఈసారి అందరూ నవ్వారు. రమణారావు కూడా నవ్వాడు. అంతకుముందు నవ్విన నవ్వు కాదది.

అలా లేచిన డిస్కును నమ్మకూడదు. ఇంకోసారి ఆపితే లేస్తుందో లేదో చెప్పలేం. అందుకని ఆపకుండానే లోపల ఉన్నదంతా కొత్త ఫ్లాపీల్లోకి ఎత్తడం మొదలుపెట్టాం. ఒక ఫ్లాపీ నిండగానే ఇంకొకటి. నేను ఆదేశాలు కొడుతుంటే గురవమ్మ ఫ్లాపీలు మార్చేది, వాటి మీద పేర్లు రాసేది. మధ్యలో బిడ్డ ఏడిస్తే అటు తిరిగి కూర్చుని పాలిచ్చేది. ఆ పని సాయంత్రం దాకా సాగింది. అంతసేపూ వాళ్ళ నాయన కిటికీ కింద కూర్చుని, ఆ యంత్రం చప్పుడు వింటూ, తనలో తాను తల ఊపుకుంటూ ఉన్నాడు.

పని ముగిశాక, ఒకసారి ఆపి మళ్ళీ వేసి చూస్తే డిస్కు తిరిగింది. ఇక రిపోర్టు రాయాలి. యంత్రం పనిచేస్తున్నది, మరమ్మతు పూర్తయింది అని రాస్తే నా బాధ్యత తీరిపోతుంది. కానీ అది సగం నిజం. మళ్ళీ తాళం వేస్తే మళ్ళీ ఆగుతుంది. కాబట్టి కారణం కూడా రాశాను. “చాలాకాలం నడపకుండా ఉంచడం వల్ల డిస్కు బిగుసుకుంది. యంత్రానికి పని ఉన్నా లేకపోయినా, దీనిని రోజూ, శిక్షణ పొందిన ఆపరేటరు నడపవలెను. గదికి వెలుతురు తగలవలెను.” అందులో ఒక్క మాట కూడా సాంకేతికంగా తప్పు కాదు. రీజినల్ ఆఫీసు సూచనను పక్కన పెట్టానని, అందుకు కారణం ఇదని అడుగున రాసి సంతకం పెట్టాను.

శెట్టిగారు కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

“రోజూ నడపాలంటే రోజూ ఒకరు కూసోవాల గదమ్మా?”

“అవునండీ.”

“నేర్చుకున్నోళ్ళే కూసోవాల.”

“అవునండీ.”

ఆయన కళ్ళద్దాలు తీసి రమణారావు వైపు చూశారు. “గురవమ్మకి ఇంకో రెండు నెలలు కానియ్యి. మూడోనెల వచ్చినాక వస్తాది. అందాకా పొద్దున్నే నువ్వే పోయి స్విచ్చెయ్యి. కిటికీ తెరువు.”

 రమణారావు ఆ రెండు నెలలూ నిజంగానే రోజూ స్విచ్చి వేశాడు. నేను ఫోన్ చేసినప్పుడు, “బాలింత బాగుందండీ” అని మామూలుగా చెప్పేవాడు. ఆ మాటలో వెటకారం ఎప్పుడు రాలిపోయిందో ఆయనకూ తెలియదనుకుంటాను. గురవమ్మ తిరిగి వచ్చాక షెడ్డులో ఒక మూల చీర ఉయ్యాల కట్టారు. ఆ పెద్దావిడ చట్రాలు బిగిస్తూ కాలితో ఉయ్యాల ఊపేది. నన్ను సంజాయిషీ అడుగుతూ ఒంగోలు నుంచి కాగితం వచ్చింది. జవాబిచ్చాను. అది అంతటితో ముగిసింది.

ఆ యంత్రం ఇంకా కొన్నేళ్ళు నడిచింది. తరువాత రంగుల తెరది వచ్చింది. దాని ముందు కూడా గురవమ్మే కూర్చుంది. ప్రోగ్రాం అందులోకి మార్చింది మేమిద్దరమే. పాతది అటక ఎక్కింది. పేరు మాత్రం కింద ఉండి ఆ గదికి అంటుకుంది. “బాలింత గదిలో కూసో, బిల్లు పట్టుకొస్తా” అని కొత్తవాళ్ళు కూడా అనేవాళ్ళు.

నేను పదవీ విరమణ చేసే ఏడాది, చివరిసారిగా ఆ కంపెనీకి వెళ్ళాను. శెట్టిగారు లేరు, ఆయన మేనల్లుడు చూసుకుంటున్నాడు. గురవమ్మ ఆఫీసు మొత్తానికి పెద్ద. ఆమె కింద ఇద్దరు అమ్మాయిలు పనిచేస్తున్నారు. పాత అలవాటు కొద్దీ వాళ్ళను, ఈ గదికి ఆ పేరెందుకని అడిగాను. కంప్యూటరును వెచ్చగా దుప్పటి కప్పి ఉంచేవాళ్ళు కాబట్టి అని ఒకరు చెప్పారు. కాదు, ఇక్కడ పనిచేసే ఆడవాళ్ళు పిల్లల్ని తెచ్చి పండబెట్టేవాళ్ళు కాబట్టి అని ఇంకొకరు చెప్పారు. ఇద్దరూ వాదించుకున్నారు. గురవమ్మ పక్కనే ఉండి వింటోంది.

బయటికి వచ్చాక ఎందుకు చెప్పలేదని అడిగాను.

“ఏముందక్కా చెప్పేదానికి?” అంది. “ఎవురో ఒకరు ఎగతాళికి అన్న మాట అది. నేను దాన్ని మోసుకొని తిరిగితే నాకే బరువు. ఈ పిల్లలు చెప్పేదే బాగుంది. అట్లే ఉండనియ్యి.”

ఆమె నన్ను ఆటో దాకా సాగనంపింది. షెడ్డు సగం ఖాళీగా ఉంది. పలకలు వాడేవాళ్ళు తగ్గారని, ఇప్పుడు ఇళ్ళ గోడలకు వేసే రాయి ఎక్కువ పోతోందని దారిలో చెప్పింది. కూతురు కంభంలో టీచరుగా చేస్తోందట.

పేర్ల గురించి నాకు ఆ ఉదంతం నేర్పింది ఒకటే. పేరు పెట్టినవాడి ఉద్దేశం దానికి ఎక్కువ కాలం అంటుకుని ఉండదు. రోజూ పిలిచేవాళ్ళు దాన్ని ఎట్లా వాడితే అది అట్లా మారుతుంది. వృత్తి గురించి నేర్పింది ఇంకొకటి ఉంది. చెడిపోయిన భాగం పేరు రాసి ఊరుకుంటే రిపోర్టు పూర్తి కాదు. అది ఎందుకు చెడింది, ఎవరి చేతిలో చెడకుండా ఉంటుంది అన్నది కూడా ఇంజనీరు రాయాలి. ఆ తరువాత నా కింద చేరిన ప్రతి ఇంజనీరుకూ రిపోర్టు రాయడం అట్లాగే నేర్పాను.